హ్యూస్టన్ చెమటకి ఆగే పూత ఏది?

"అన్నా, గ్రీన్ కార్డు వచ్చింది, లైసెన్సు క్లాసు కూడా అయిపోయింది. చొక్కా కింద నడుం దగ్గర పెట్టుకోడానికి చిన్న పిస్టల్ ఒకటి కొందామనుకుంటున్నా. నల్లది తీసుకోనా, స్టెయిన్‌లెస్ తీసుకోనా, లేకపోతే ఆ రంగురంగుల సెరకోట్ వేయించుకోనా?" అని హ్యూస్టన్ పక్కనున్న కేటీ ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

గ్రీన్ కార్డు అన్నాడు కాబట్టి జవాబు రాస్తున్నాను. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకి తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయి కానీ, లాయరుని అడగకుండా వాటిని నమ్ముకోకండి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి పిస్టల్ పెట్టుకు తిరగడానికి పర్మిట్ అక్కర్లేదట కదా అని నన్ను అడిగిన కుర్రాళ్లున్నారు. అది రాష్ట్రం చేసిన చట్టం. దానివల్ల ఫెడరల్ నిషేధం ఎక్కడికీ పోలేదు. రూమ్మేట్ సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి చేతిలో పెట్టినా చిక్కే. వీసా పోగొట్టుకునేంత సరదా కాదది.

ఇక తమ్ముడి ప్రశ్న. నేను మొదట కొన్నది పాత .38 రివాల్వర్. నల్లటి నలుపులో నీలం మెరిసే బ్లూయింగ్, చెక్క పిడి. చూడగానే మనసు పడ్డాను. జులైలో తోలు ఒర, అంటే హోల్స్టర్‌లో వేసుకుని నడుం దగ్గర పెట్టుకు తిరిగాను. ఆగస్టులో ఇండియా వెళ్తూ ఆ హోల్స్టర్‌తోనే లాకర్లో పెట్టేశాను. మూడు వారాల తర్వాత తీసి చూస్తే సిలిండర్ మీద నా బొటనవేలి ముద్ర, గీత గీతా విడిగా కనిపించేలా ఎర్రటి తుప్పుతో అచ్చు పడి ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో వేయించుకున్న ముద్ర కూడా అంత స్పష్టంగా రాదు. గీకితే తుప్పు పోయింది గానీ కింద చిన్న చిన్న గుంటలు మిగిలిపోయాయి.

తప్పు తుపాకీది కాదు, నాది. బ్లూయింగ్ అంటే నిజానికి అదుపులో పెట్టిన తుప్పే. ఇనుము పైపొరని నల్లటి ఆక్సైడుగా మారుస్తారు. చాలా పల్చన. దాని పని నూనెని పట్టి ఉంచడం. నూనె ఆరిపోతే అది ఆపేది పెద్దగా ఏమీ ఉండదు. పైగా తోలు తేమ పీలుస్తుంది, పీల్చింది వదలదు. ఉప్పు చెమట తాగిన తోలులో ఇనుము పెట్టడమంటే ఆవకాయ జాడీలో ఇనుప గరిటె వదిలేసినట్టే.

ఇక్కడ జనం ఎక్కువగా మోసపోయేది స్టెయిన్‌లెస్ దగ్గర. స్మిత్ అండ్ వెసన్ 1965లో మోడల్ 60 అనే స్టెయిన్‌లెస్ రివాల్వర్ తెచ్చినప్పుడు దాన్ని కోరుకున్నది చొక్కా కింద తుపాకీ పెట్టుకుని చెమటోడ్చే పోలీసులే. మంచిదే, కాదనను. కానీ మన వంటింటి స్టీలూ తుపాకీ స్టీలూ ఒకటి కాదు. మీ ఇంట్లో గిన్నెల అడుగున 18/8 అని ఉంటుంది చూడండి, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. పిస్టల్ స్లైడుకి, అంటే పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పైభాగానికి, ఎక్కువగా వాడే 416 రకంలో క్రోమియం 12 నుంచి 14 శాతమే, నికెల్ దాదాపు ఉండదు. కోతకి తేలిగ్గా ఉండాలని గంధకం కూడా కలుపుతారు. అందుకే సింకులో వారం నానినా గిన్నెకి ఏమీ కాదు, నడుం దగ్గర వారం ఉన్న స్లైడు మీద మాత్రం గోధుమ రంగు చుక్కలు తేలతాయి. ఒక్క మేలు ఉంది: తెల్లటి లోహం మీద తుప్పు మొదటి రోజే కనిపిస్తుంది, గుడ్డతో రుద్దితే పోతుంది. నలుపు మీద అయితే ముదిరాక గానీ కనబడదు.

నికెల్ పూత అందంగా ఉంటుంది, దసరాకి తీసిన వెండి సామానులా. ఒకచోట లేచిందంటే మాత్రం పాత కళాయిలా పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలు తగలనివ్వకూడదు. పార్కరైజింగ్ అనే ఫాస్ఫేటు పూత గరుకుగా ఉండి నూనె బాగా పడుతుంది, కానీ కొత్త పిస్టళ్లలో అరుదు.

నా ఓటు నైట్రైడింగ్‌కి. ఇది పైన వేసే పూత కాదు. 500 డిగ్రీల సెల్సియస్ పైన కరిగిన లవణాల్లో స్టీలుని ముంచితే నైట్రోజన్ ఉక్కులోకే దిగి పైపొర గట్టిపడుతుంది. గ్లాక్ వాళ్లు ఏళ్ల తరబడి దీన్నే టెనిఫర్ అన్నారు, స్మిత్ అండ్ వెసన్ వాళ్లు మెలొనైట్ అన్నారు. పేర్లు వేరు, పని అదే. హోల్స్టర్‌లోంచి తీసీ పెట్టీ అంచుల దగ్గర నలుపు అరిగిపోతే చాలామంది కంగారు పడతారు. పైన నలుపు పోయినా కింద గట్టిపడ్డ పొర అలాగే ఉంటుంది. అరిగిపోయింది పై అందం మాత్రమే.

సెరకోట్ దీనికి తిరగబడ్డ కథ. పింగాణీ కలిసిన పెయింటుని స్ప్రే చేసి ఓవెన్లో కాలుస్తారు. గీత పడనంత కాలం చెమటని లోపలికి రానివ్వదు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్స్టర్‌లో దుమ్ము చేరితే అది ఉప్పుకాగితంలా గీకి, మూతి దగ్గరా అంచుల దగ్గరా లోహం బయటపడుతుంది. అందుకని మామూలు కార్బన్ స్టీలు మీద సెరకోట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నైట్రైడ్ అయిన స్లైడు మీద సరదాకి వేయించుకుంటే తప్పులేదు. చొక్కా కింద ఉండేదానికి ఏ రంగైతే ఎవరు చూడొచ్చారు!

సేల్స్‌మెన్ చెప్పనిది ఒకటుంది. మంచి పూత స్లైడుకి మాత్రమే ఉండొచ్చు. నా నైట్రైడ్ పిస్టల్ స్లైడు ఇన్నేళ్లయినా బాగానే ఉంది, తుప్పు పట్టింది గురి చూసే వెనక సైటు పక్కనున్న చిన్న స్క్రూకి. ఇంకోసారి తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టానికి, అదీ వంటికి ఆనే వైపు. కొనేటప్పుడు స్లైడు చూసి మురిసిపోకుండా స్క్రూలు, మ్యాగజైన్, స్లైడుని వెనక్కి పట్టి ఉంచే స్లైడ్ స్టాప్ ఏ లోహంతో చేశారో అడగండి. హోల్స్టర్‌కి వంటి వైపు పైదాకా లేచిన అడ్డు ఉండేలా చూసుకోండి. లోపల ఒక బనియన్ ఉంటే సగం చెమట దానికే పోతుంది.

చేతి చెమట కూడా అందరిదీ ఒకలా ఉండదు. కొందరు ముట్టుకుంటే చాలు, ఇనుము మర్నాటికి ఎర్రబడుతుంది. మీరు ఆ కోవలోవాళ్లయితే ఏ పూతా మిమ్మల్ని పూర్తిగా కాపాడదు. మామిడికాయ తరిగాక అమ్మ కత్తిపీటని కడిగి, తుడిచి, ఆరబెట్టేది చూడండి, అదే పద్ధతి. వేసవిలో నేను వారానికి రెండుసార్లు తూటాలన్నీ తీసేసి, తుపాకీలో తూటా కూర్చునే గది ఖాళీ అని రెండోసారి చూసుకుని, పొడిగుడ్డతో తుడిచి, తుపాకీ నూనె ఒక్క చుక్క పల్చగా రాస్తాను. ఎక్కువైతే దూది, దుమ్ము పడతాయి. కొబ్బరినూనె మాత్రం వద్దు. నవ్వకండి, రాసినవాళ్లున్నారు. 24 డిగ్రీల కిందికి దిగితే అది పేరుకుంటుంది, మీ ఇంట్లో ఏసీ అంతకంటే చల్లగానే ఉంటుంది.

తమ్ముడూ, నీకైతే నైట్రైడ్ స్లైడు, పాలిమర్ ఫ్రేము, కైడెక్స్ హోల్స్టర్ తీసుకో. మిగిలిన డబ్బుతో మంచి లాకర్ కొను, ఇంట్లో పిల్లలున్నారన్నావు. ఇండియా వెళ్లేటప్పుడు హోల్స్టర్‌లోంచి తీసి, నూనె రాసి, లాకర్లో తేమ పీల్చే సిలికా జెల్ సంచి పెట్టి వెళ్లు. ఇంకోటి, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని విమానానికి వాడకు. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా ఇండియా ఎయిర్‌పోర్టులో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. నా బ్యాగు గ్యారేజీలో మేకుకి వేలాడుతూ ఉంటుంది, సూట్‌కేసులు మేడ మీద.