అక్రిలిక్ షీటు పగలకుండా ఆర్కేడ్ బటన్లకి బెజ్జాలు వేయడం ఎలా?

ఇద్దరు ఆడుకునే ఆర్కేడ్ (వీడియో గేమ్) కంట్రోల్ ప్యానెల్ కోసం ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) మీద 3 మి.మీ. అక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) షీటు వేస్తున్నానని, ఇనుముకి వాడే మామూలు డ్రిల్ బిట్‌తో మొదలుపెడితే బెజ్జం పూర్తయ్యే సమయానికి షీటు పగిలిందని రాశారు. ఏ బిట్ కొనాలి అన్నది మీ ప్రశ్న. స్టెప్ బిట్ కొనండి. అయితే బిట్ మార్చినంత మాత్రాన పగుళ్లు ఆగవు.

మీ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది: బెజ్జం పూర్తయ్యే సమయానికి పగిలింది. నేను చేసిన ప్యానెళ్లలోనూ జాగ్రత్త పడాల్సింది అక్కడే. ఇనుము బిట్ అంచు ఏటవాలుగా, పదునుగా ఉంటుంది. అడుగున పలచని పొర మిగిలేసరికి దాన్ని కోయడం మానేసి, మరలాగా కొరుక్కుంటూ దూసుకుపోతుంది. ఆ గుంజుడుకే షీటు పైకి లేచి పగులుతుంది. అక్రిలిక్‌ని కోయకూడదు, గీకాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీన్నుంచి వచ్చినవే.

స్టెప్ బిట్ బొంగరం ఆకారంలో, మెట్లు మెట్లుగా ఉంటుంది. 4 నుంచి 32 మి.మీ. వరకు 2 మి.మీ. చొప్పున పెరిగేది తీసుకుంటే బటన్లకి ఎక్కువగా కావలసిన 24, 30 మి.మీ. సైజులు రెండూ అందులోనే వస్తాయి. ఒక్కో మెట్టు బెజ్జం చుట్టూ 1 మి.మీ. మాత్రమే గీకుతుంది కాబట్టి గుంజే అవకాశం చాలా తక్కువ. మెట్టు ఎత్తు షీటు మందం కంటే ఎక్కువ ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి. మొదలుపెట్టే ముందు 30 మెట్టు పైన రంగు టేపు చుట్టండి. పనిలో పడితే 32లోకి వెళ్లిపోవడం క్షణం పని.

ఇక ఆధారం సంగతి. స్టెప్ బిట్ పొడవు ఎక్కువ, కింద గట్టి చెక్క పెడితే దాన్నీ తొలుచుకుంటూ పోవాలి. నేను పాటించే వరుస ఇది. ప్రింట్ చేసిన లేఅవుట్‌ని షీటు మీద అంటించి, షీటుని ఎండీఎఫ్‌కి క్లాంపులతో బిగించి, రెండింటికీ కలిపి 3 మి.మీ. బెజ్జాలు వేస్తాను. దీనికి మామూలు బిట్ సరిపోతుంది, కానీ దాని కోత అంచుల్ని సానరాయి మీద రెండు మూడుసార్లు రుద్ది ఆ పదును చంపాలి. తర్వాత షీటు తీసి పక్కన పెట్టి, ఎండీఎఫ్‌కి ఒక్కదానికే ఫోర్స్‌ట్నర్ బిట్‌తో (చెక్కకి పెద్ద గుండ్రటి బెజ్జాలు నున్నగా వేసే బిట్) 30 మి.మీ. బెజ్జాలు పూర్తి చేస్తాను. మళ్లీ షీటుని అదే చోట బిగిస్తాను. ఇప్పుడు స్టెప్ బిట్ కొన ఖాళీలోకి దిగుతుంది, బెజ్జం అంచు మాత్రం చుట్టూ చెక్క మీద ఆని ఉంటుంది. రెండు పొరల బెజ్జాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం అనే టెన్షన్ కూడా ఉండదు.

స్పీడు తక్కువగా పెట్టండి. కార్డ్‌లెస్ డ్రిల్ అయితే గేర్ 1 చాలు. అక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. పొట్టుని గమనిస్తూ ఉండండి, అన్నీ అదే చెబుతుంది. తెల్లటి పొడి పొట్టు రాలుతుంటే పని బాగా జరుగుతున్నట్టు. పొట్టు ముద్దకట్టి బిట్‌కి అంటుకుంటే, ఘాటైన వాసన వస్తే వెంటనే బిట్ పైకి తీసి, పొట్టు దులిపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. ఎక్స్‌ట్రూడెడ్ షీటు (యంత్రంలోంచి ఒత్తి తీసినది) కాస్ట్ షీటు (అచ్చులో పోసి చేసినది) కంటే చాలా త్వరగా ఇలా ముద్దవుతుంది. ఇంకా కొనలేదంటే కాస్ట్‌దే అడిగి తీసుకోండి. షీటు మీద ఉన్న రక్షణ పొరని చివరి బెజ్జం దాకా తీయకండి. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి, అక్రిలిక్ పెచ్చులు గాజుముక్కల్లాంటివే.

హోల్ సా (గిన్నె ఆకారంలో ఉండే గుండ్రటి రంపం) పనికొస్తుందా అని కూడా అడిగారు. పనవుతుంది కానీ పళ్ల మధ్య పొట్టు ఇరుక్కుని వేడెక్కుతుంది, అంచు గరుకుగా మిగులుతుంది. స్పేడ్ బిట్ (చెక్కకి వాడే చదునైన రేకు బిట్) మాత్రం వద్దు. రౌటర్ (చెక్క అంచులు చెక్కే యంత్రం) ఉన్నవాళ్లకి ఇంకా మంచి దారి ఉంది: షీటులో కాస్త చిన్న బెజ్జం వేసి, బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్‌ని (బేరింగ్ ఆనిన అంచుకి సమానంగా పై పొరని కోసేది) ఎండీఎఫ్ బెజ్జం అంచు వెంబడి తిప్పితే దాదాపు అద్దంలాంటి అంచు వస్తుంది. బటన్లు ఎక్కువగా ఉంటే నేను ఇదే ఎంచుకుంటాను.

బెజ్జం వేసే ముందే బటన్ చేతిలో పెట్టుకుని కొలవండి. సాన్వా (జపాన్ కంపెనీ) తరహా బటన్లకి 30, స్టార్ట్ బటన్లకి 24, అమెరికన్ తరహా వాటికి సుమారు 28.5 మి.మీ. కావాలి. క్లిప్పుతో నొక్కి బిగించే బటన్లు పలచని ప్యానెల్ కోసం చేసినవి, 18 మి.మీ. ఎండీఎఫ్ మీద అక్రిలిక్ కలిస్తే అవి పట్టవు. అలాంటి మందానికి పొడుగు మర ఉన్న అమెరికన్ తరహావే సరిపోతాయి. 30 మి.మీ. బటన్ అంచు బెజ్జం చుట్టూ సుమారు 1.5 మి.మీ. కప్పేస్తుంది, కాబట్టి చిన్న చిన్న పెచ్చులకి కంగారుపడక్కర్లేదు. పగులు అలా కాదు, ఆడే కొద్దీ పాకుతుంది. పగిలిన షీటుని పారేయకుండా దాని మీదే కొత్త బిట్‌తో చేయి అలవాటు చేసుకోండి.

అంచుని 400 నంబరు సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది, కాస్త సబ్బునీళ్లతో తుడిస్తే చాలు. శానిటైజర్, థిన్నర్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. కోసిన అంచుల్లో ఉన్న ఒత్తిడికి అవి తోడైతే సన్నటి వెంట్రుక బీటలు పుట్టుకొస్తాయి. షీటుని పట్టి ఉంచే స్క్రూలకి మాత్రం స్క్రూ మందం కంటే 1 మి.మీ. పెద్ద బెజ్జం వేయండి, పూర్తిగా బిగించి వదిలేయకండి. 600 మి.మీ. పొడవున్న అక్రిలిక్ 20 డిగ్రీల తేడాకే దాదాపు 0.8 మి.మీ. సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే స్క్రూ దగ్గర పగులుతుంది.