బ్లాక్ హోల్స్ లేవు అనే ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

అమ్ములూ, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి "బ్లాక్ హోల్స్ అసలు ఏర్పడవు" అన్న టాపిక్ తీసుకుంటానన్నావట, మీ అమ్మ చెప్పింది. తీసుకో, నేనేం వద్దనను, కానీ గైడ్ దగ్గరికి వెళ్ళేలోపు ఇది చదువు.

ముందు నీ గొడవ ఎవరితోనో తేల్చుకో. ఐన్‌స్టీన్ గ్రావిటీ థియరీలోనే (జనరల్ రిలేటివిటీ) అవి ఏర్పడవంటావా, లేక ఆ థియరీనే వద్దంటావా? చాలామంది రెండూ కలిపేస్తారు.

మొదటిదైతే వాదన ఎప్పుడూ ఒకటే, దూరం నుంచి చూసేవాడికి లోపలికి పడేది హొరైజన్ (దాటితే వెలుగు కూడా వెనక్కి రాలేని హద్దు) దగ్గర ఆగిపోయినట్టే ఉంటుంది, అనంతకాలం పడుతుంది, కాబట్టి ఏర్పడనే ఏర్పడదు అని. 1939లోనే ఓపెన్‌హైమర్, స్నైడర్ ఈ లెక్క చేసేశారు, బయటివాడికి అనంతం నిజమే, కానీ నక్షత్రంతో పాటు పడేవాడి గడియారంలో కొద్ది టైమే. ఆ పేపర్ ఊరికే చదవకు, పెన్ను పట్టుకుని లైను లైనూ చెయ్యి. అదే ఏడాది ఐన్‌స్టీన్ కూడా ఏర్పడవనే రాశాడు, కాకపోతే ఆయన తీసుకున్నది గుండ్రంగా తిరిగే కణాల గుంపు, కుప్పకూలే నక్షత్రం కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకో, సగం ప్రాజెక్టు అక్కడే ఉంది.

రెండోదైతే హొరైజన్ జోలికి చివర్లో వెళ్ళు, ముందు ఐన్‌స్టీన్‌ది కాదని నువ్వు పెట్టే థియరీ పల్సార్ (గిర్రున తిరుగుతూ ఠంచనుగా రేడియో పల్సులు పంపే చచ్చిన నక్షత్రం) దగ్గర పాసైందా చూడు. రోజెన్ 1973లో పెట్టిన బైమెట్రిక్ థియరీలో (దూరాలు, కాలం కొలిచే మెట్రిక్ ఒకటి కాదు, రెండు పెట్టుకున్న గ్రావిటీ థియరీ) హొరైజనే రాదు, సౌరకుటుంబం లెక్కల్లో బాగానే నిలబడింది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కూడా. 1974లో హల్స్, టేలర్ తోడు నక్షత్రంతో కలిసి తిరిగే ఒక పల్సార్‌ని పట్టుకున్నారు, సుమారు 7.75 గంటలకో చుట్టు. ఆ టైమ్ ఏటేటా తగ్గుతూ వచ్చింది, అచ్చం ఐన్‌స్టీన్ లెక్క చెప్పినంత. రోజెన్ లెక్కలో పెరగాలి. అంతే, అయిపోయింది.

ఇంకోటి, వేరే థియరీ అనగానే బ్లాక్ హోల్ మాయమైపోదు. బ్రాన్స్-డికీ అని ఐన్‌స్టీన్‌దానికి పోటీగా వచ్చిన ఇంకో గ్రావిటీ థియరీ ఉంది, అందులో నిలకడకి వచ్చాక మిగిలేది ఐన్‌స్టీన్ బ్లాక్ హోలేనని 1972లో హాకింగ్ చూపించాడు.

ఇక అక్కడ ఉన్నది బ్లాక్ హోల్ కాదు, ఇంకేదో అంటే మాత్రం అదెలా మోగుతుందో లెక్క కట్టాలి. బ్లాక్ హోల్‌ని కదిపితే గురుత్వ తరంగాలు వదులుతూ గంటలా మోగి ఆగిపోతుందని 1970లో మన దేశపు ఫిజిసిస్ట్ విశ్వేశ్వర చూపించాడు, 2015లో లైగోకి (ఆ తరంగాలు పట్టే అమెరికా డిటెక్టర్లు) దొరికిన సిగ్నల్ తోక ఆ లెక్కకి సరిపోయేలానే ఉంది. నీ వస్తువుకి ఆ మోత లెక్క ఒక్క పేజీ అయినా రాసుకుని వెళ్ళు, గైడ్ మొదట అడిగేది అదే.