టైబీరియస్ నాణెం చేతికి వచ్చాక

చి. మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

లండన్‌లో రోమన్ చక్రవర్తి టైబీరియస్ కాలపు వెండి నాణెం, దెనారియస్, కొన్నావని తెలిసి ఎంత సంబరపడ్డానో! ముందుగా చెప్పేది, దాన్ని తోమకు. మన కుంకుమభరిణెలా విభూతితో మెరిపించబోతే, రెండు వేల ఏళ్లు నిలిచిన సన్నని గీతలు అరిగిపోతాయి. ఆ నలుపు అలాగే ఉండనీ. అంచులు పట్టుకునే చూడు.

తరువాత తూచు. నాలుగు గ్రాములకు కాస్త తక్కువ ఉండాలి. మరీ తేలికగా ఉంటే, అరిగిన చోట ఎర్రగా రాగి కనబడుతోందేమో పరికించు. రాగి బిళ్లకు వెండి రేకు తొడిగి మోసగించడం రోమన్ల కాలంలోనే ఉంది. అంచు చుట్టూ అతుకు గీత ఉంటే ఈ కాలపు పోత నకలేమో అని అనుమానించు. అసలువి అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టినవి.

అందరూ ముఖం చూసి మురిసిపోతారు. నువ్వు మాత్రం అక్షరాలతో మొదలుపెట్టు. తల చుట్టూ 'టి సీజర్ డివి ఆగ్ ఎఫ్ ఆగస్టస్' అని ఉంటుంది. దైవమైన ఆగస్టస్ కుమారుడు టైబీరియస్ అని దాని భావం. నిజానికి టైబీరియస్ తనకు ముందటి చక్రవర్తి ఆగస్టస్‌కు దత్తుడు. క్రీ.శ. 14లో ఆగస్టస్ మరణించాక సెనేట్ ఆయనను దేవుడిగా ప్రకటించింది. దేవుడి కొడుకునని కొత్త చక్రవర్తి సామ్రాజ్యమంతటికీ చాటుకున్నది ఆ ఒక్క 'ఎఫ్'తోనే, అంటే 'ఫిలియస్', లాటిన్‌లో కుమారుడు. ఈ నాణెంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అక్షరం అది.

వెనుకవైపు 'పొంటిఫ్ మాక్సిమ్', అంటే ప్రధాన పురోహితుడు. మధ్యలో కూర్చున్న స్త్రీ, చేతుల్లో రాజదండం, కొమ్మ. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని కొందరు, శాంతిదేవత అని కొందరు అంటారు. నాణెం మీద పేరు లేదు కనుక నీ పుస్తకంలో 'కూర్చున్న స్త్రీ' అనే రాసుకో.

ఇంకొకటి కొనాలనిపిస్తే నీరో చక్రవర్తి నాణేలు చూడు. 54లో గద్దెనెక్కిన కుర్రవాడి లేత ముఖం, చివరి ఏళ్లకు మెడ బలిసి, గడ్డం కింద కండ వేలాడే ముఖం అవుతుంది. చక్రవర్తి దాన్ని దాచమనలేదు! 64లో దెనారియస్ బరువూ, వెండిపాలూ తగ్గించింది ఆయనే. 'టిఆర్ పి' పక్కన అంకె ఉంటే వదలకు. అది ఏటా పెరిగే పదవీ లెక్క కాబట్టి నాణెం ఏ ఏటిదో తేలుతుంది.

నీ నాణెపు తోబుట్టువులు మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ దొరికాయి. మన దేశంలో దొరికిన కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. నీదానిమీదా ఉందేమో చూడు. అమ్మినవారి రసీదు దాచి, పక్కనుంచి వెలుతురు పడేలా రెండు వైపులా ఫోటోలు తీసి పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య