కౌంటీ బోర్డులో ఎంతమంది ఉండాలి?

ప్రశ్న: అమెరికాలోని లాస్ ఏంజెలిస్ కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) జనాభా దాదాపు కోటి అనీ, దాని పాలక మండలి (బోర్డు)లో అయిదుగురే సభ్యులనీ చదివాను. జనాభా పెరిగినకొద్దీ సభ్యుల సంఖ్య పెరగదా? నియోజకవర్గాలను ఏ లెక్కన విభజిస్తారు?

జవాబు: పెరగాలని అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. కౌంటీలు రాష్ట్రాలు ఏర్పరచిన సంస్థలు కనుక, బోర్డులో ఎంతమంది ఉండాలన్నది ఆయా రాష్ట్రాల రాజ్యాంగాలు, చట్టాలు, కొన్నిచోట్ల కౌంటీ ఓటర్లు ఆమోదించుకున్న చార్టర్లు (సొంత పాలనా నియమావళులు) నిర్ణయిస్తాయి. టెక్సస్ రాజ్యాంగం ప్రతి కౌంటీకీ నలుగురు కమిషనర్లనూ, వారి సభకు అధ్యక్షత వహించే ఒక కౌంటీ జడ్జినీ నిర్దేశించింది. అందువల్ల 2020 జనగణనలో 64 మంది మాత్రమే తేలిన లవింగ్ కౌంటీకీ, 47 లక్షలు దాటిన హారిస్ కౌంటీకీ సభ్యుల సంఖ్య సమానమే. విస్కాన్సిన్ రాష్ట్రం మాత్రం జనాభాను బట్టి సభ్యుల సంఖ్యకు గరిష్ఠ పరిమితి విధిస్తుంది. జార్జియాలోని బ్లెక్లీ కౌంటీకి ఒకే ఒక్క కమిషనర్ ఉండటం వల్ల నల్లజాతి ఓటర్ల బలం తగ్గుతోందని దాఖలైన వ్యాజ్యంలో, ఓటింగ్‌లో జాతి వివక్షను నిషేధించే ఓటింగ్ హక్కుల చట్టం కింద బోర్డు పరిమాణాన్ని ఆ విధంగా సవాలు చేయడం కుదరదని సుప్రీంకోర్టు 1994లో తేల్చింది.

నియోజకవర్గాల విషయంలో ఇంత వెసులుబాటు లేదు. టెక్సస్‌లోని మిడ్‌లాండ్ కౌంటీలో ఒకప్పుడు నగరం దాదాపు మొత్తాన్నీ ఒకే నియోజకవర్గంలో చేర్చగా అందులో 67,906 మంది ఉండేవారు; గ్రామీణ ప్రాంతపు మిగతా మూడింటిలో వరుసగా 852, 414, 828 మంది. అంటే రెండు వేల పైచిలుకు మంది ముగ్గురు కమిషనర్లను ఎన్నుకుంటే, నగరవాసులందరికీ దక్కింది ఒక్కరే. రోడ్లకు ఏ మేరకు ఖర్చు పెట్టాలో, ఎంత పన్ను వేయాలో తేల్చే సభలో ఇది చిన్న అన్యాయం కాదు. ఎవ్రీ వర్సెస్ మిడ్‌లాండ్ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 1968లో ‘ఒక వ్యక్తికి ఒక ఓటు’ సూత్రాన్ని, అంటే నియోజకవర్గాల జనాభా దాదాపు సమానంగా ఉండాలన్న నియమాన్ని, స్థానిక సంస్థలకూ వర్తింపజేసింది. అప్పటినుంచి పదేళ్లకోసారి జనగణన ముగియగానే హద్దులు సరిచూస్తున్నారు. అతి పెద్ద, అతి చిన్న నియోజకవర్గాల మధ్య తేడా సగటు జనాభాలో 10 శాతంలోపు ఉంటే కోర్టులు సాధారణంగా అభ్యంతరం చెప్పవు.

అయితే లెక్క సరిపోయినంత మాత్రాన హద్దులు న్యాయమైనవని చెప్పలేం. మీరడిగిన లాస్ ఏంజెలిస్‌లోనే హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాలున్న) ప్రజల నివాస ప్రాంతాలను ఉద్దేశపూర్వకంగా చీల్చారని 1990లో కోర్టు నిర్ధారించి హద్దులు మార్పించింది. ఆ మార్పు తర్వాత 1991లో హిస్పానిక్ వర్గానికి చెందిన గ్లోరియా మొలీనా బోర్డుకు ఎన్నికయ్యారు. ఆ కౌంటీకి సొంత చార్టర్ ఉన్నందున సభ్యుల సంఖ్యను పెంచుకునే అధికారం అక్కడి ఓటర్లకే ఉంది. ఆ ప్రతిపాదనను పలుమార్లు తిరస్కరించిన ఓటర్లు చివరకు 2024 నవంబరులో తొమ్మిదికి పెంచడానికి ఆమోదం తెలిపారు. 2030 జనగణన ప్రకారం కొత్త హద్దులు గీశాక, 2032 ఎన్నికల నుంచి అది అమలు కావలసి ఉంది.