నాకు తోక ఉన్న మూడు రోజులు

మ్యూజిక్ ఫెస్టివల్‌కి వేషం వేసుకుని వెళ్తే మూడ్ నిజంగా మారుతుందా, లేక అదంతా ఫొటోల పిచ్చేనా అని అడిగారు. మారుతుంది. అనుమానమే లేదు. 2012 సెప్టెంబరులో మూడు రోజులు పులిగా బతికినవాణ్ణి, నన్నడగండి.

అప్పుడు ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో మాస్టర్స్ చివరికొచ్చింది. అక్కడికి దగ్గర్లోనే ఐల్ ఆఫ్ వైట్ దీవిలో బెస్టివల్ అని ఒక మ్యూజిక్ ఫెస్టివల్ జరిగేది. ఏటా ఒక థీమ్ పెట్టేవాళ్ళు, జనం ఆ వేషాల్లో వచ్చేవాళ్ళు. ఆ ఏడు థీమ్ వన్యప్రాణులు. పులి డ్రెస్ 15 పౌండ్లకి కొన్నా. రూపాయల్లోకి లెక్కేస్తే 1300 దాకా తేలింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సిగ్గుపడి డ్రెస్ సంచిలోనే ఉంచుకుని, జీన్స్‌లో ఫెర్రీ ఎక్కా. చుట్టూ జీబ్రాలు, పెంగ్విన్లు, బీరు తాగుతున్న జిరాఫీ. అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. దీవి చేరేలోపే బాత్రూమ్‌లో దూరి మార్చేసుకున్నా.

అసలు సంగతి రెండో రోజు జరిగింది. టాయిలెట్ల క్యూలో (వాటి గురించి ఇంకో సమాధానం రాయాలి, ఇక్కడ వద్దు) ఎవరో తొక్కితే తోక ఊడి బురదలో పడింది. నా వెనక అరవై దాటిన ఓ ఆవిడ, ముళ్ళపంది వేషం. ఏమీ మాట్లాడకుండా తోక తీసి, తన ముళ్ళలోంచి ఒక పిన్నీసు లాగి, నన్ను వెనక్కి తిప్పి గుచ్చింది. తర్వాత నా వీపు మీద తట్టి ఒక్కసారి గుర్రుమంది. నేనూ గుర్రుమన్నా. క్యూ మొత్తం అందుకుంది. హాస్టల్లో పుట్టినరోజు పాటకి కూడా నోరు విప్పనివాణ్ణి నేను. ఆ రోజు స్టేజి ముందు గొంతు పోయేదాకా అరిచా.

నేను గమనించింది ఇదీ: వేషం వేసుకున్నవాడికి ధైర్యం డ్రెస్ ఇవ్వదు, ఎదుటివాళ్ళు ఇస్తారు. వాళ్ళు నిన్ను పులిలా చూస్తే ఇక పులివి కాక తప్పదు. చిన్నప్పుడు మా వీధిలోకి దసరాకి పులివేషాలు వచ్చేవి. డప్పు మోగగానే ఒళ్ళంతా పసుపు రంగు పూసుకున్న మనిషి వెనక్కి వంగి నేలమీది పది రూపాయల నోటు నోటితో అందుకునేవాడు. పిల్లలం కేకలేసేకొద్దీ ఇంకా రెచ్చిపోయేవాడు. డప్పు ఆగాక అరుగు మీద కూర్చుని మామూలుగా మంచినీళ్ళు అడిగేవాడు.

అలాగని ఇప్పుడు పెళ్ళిళ్ళలో హల్దీకి పసుపు, సంగీత్‌కి ఇంకో రంగు అని వాట్సాప్‌లో ఆర్డర్లు వేస్తున్నారే, అది వేషం కాదు, యూనిఫాం. దాంతో మారేది మూడ్ కాదు, బ్యాంకు బ్యాలెన్స్.

అన్నట్టు, ఆ ఏడు అక్కడ అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ పాడారు. చూపు లేని ఆయన ముందు అన్ని వేల జంతువులం. ఎవరో చెప్పే ఉంటారు.

ఫొటో పంపితే అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "దసరాకి ఇంకా నెలన్నర ఉంది కదరా, అప్పుడే కట్టేశావేం?"