పొట్టి విల్లుకు నరాలు ఎందుకు అంటిస్తారు?

పొట్టి కర్రను పొడుగు విల్లంత లాగితే మరీ ఎక్కువ వంగుతుంది. గురి వైపున్న ముఖం సాగలేక పగులుతుంది. కర్రకంటే బాగా సాగే నరాన్ని (కండను ఎముకకు కట్టే తాడులాంటి భాగం) ఆ ముఖంపై అంటిస్తే, అది ఆ లాగుడును మోస్తుంది.

తిరుపతిలో మటన్ కొట్టులో అడిగి మేక కాళ్ల వెనక నరాలు తెచ్చుకోండి. ఎండితే గాజుముక్కల్లా గట్టిపడతాయి. చెక్క సుత్తితో ఓపిగ్గా కొడితే కొబ్బరిపీచులా తెల్లటి పోగులు విడతాయి, ఇదే అసలు పని. తోలు ఉడికించి తీసిన గోరువెచ్చని జిగురులో ముంచి, అతుకులన్నీ ఒకేచోట పడకుండా విల్లు గురి వైపు ముఖం మీద నిలువుగా పరవాలి. వారాలపాటు ఆరనివ్వండి. నరం ముడుచుకుంటూ విల్లును గురి వైపుకు వంచుతుంది, దాంతో విల్లుకు బలం పెరుగుతుంది.

అక్టోబరు, నవంబరు వానల్లో మొదలుపెట్టకండి, తేమకు జిగురు మెత్తబడుతుంది. శేషాచలం అడవిలోకి మాత్రం తీసుకెళ్లొద్దు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం.