ఖాళీ పేజీ అడుగున ఛైర్‌పర్సన్ సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా పాప ఊళ్లోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. బడిలో 68 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. నన్ను పాఠశాల యాజమాన్య కమిటీ ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారు. ఎన్నికైన రోజు తర్వాత కమిటీ మళ్లీ కూర్చోలేదు. అప్పుడప్పుడు ఆయాతో మినిట్స్ పుస్తకం మా ఇంటికి పంపిస్తారు. కొన్ని పేజీల్లో తీర్మానాలు ముందే రాసి ఉంటాయి. కొన్నిసార్లు ఖాళీ పేజీ అడుగున సంతకం పెట్టమంటారు. ఈసారి నేను పెట్టలేదు. ‘గ్రాంటు వెనక్కి పోతే మీదే బాధ్యత’ అని హెడ్మాస్టరు గారు కబురు పంపారు. నేను ఎనిమిదో తరగతి వరకే చదివాను. లెక్కలు చూపించమని అడిగే హక్కు నాకు ఉందా? ఇప్పటిదాకా పెట్టిన సంతకాల వల్ల నాకు ఇబ్బంది వస్తుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టనవసరం లేదు, పెట్టకూడదు కూడా. జరగని సమావేశం జరిగినట్టు రాసిన తీర్మానం కింద కూడా పెట్టకూడదు. మీరు ఆగిపోవడం సరైన పని. లెక్కలు చూడటం మీ హక్కే కాదు, చట్టం మీ కమిటీకి అప్పగించిన బాధ్యత.

మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం. అందులోని సెక్షన్ 21 ప్రకారం ప్రతి ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలలో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 మార్చి 3న వచ్చిన జీవో 20 దీన్ని మరింత వివరంగా చెప్పింది. తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను మిగతా తల్లిదండ్రులే ఎన్నుకోవాలి, ఆ ముగ్గురిలో ఇద్దరు మహిళలు కావాలి. అంటే ఐదు తరగతులున్న మీ బడికి పదిహేను మంది. హెడ్మాస్టరు గారు కమిటీకి మెంబర్ కన్వీనర్. సమావేశం ఏర్పాటు చేయడం, జరిగింది జరిగినట్టు రాయించడం ఆయన పని. కమిటీ ఆయన కింద పనిచేసేది కాదు. తల్లిదండ్రుల సభ్యత్వానికి చట్టం ఏ విద్యార్హతా పెట్టలేదు కాబట్టి ఎనిమిదో తరగతి చదువు గురించి మీరు వెనక్కి తగ్గాల్సిన పని లేదు. రాసింది బిగ్గరగా చదివి వినిపించమని సమావేశంలో ఎవరైనా అడగవచ్చు. చదువురాని తల్లులు ఉన్న కమిటీలో అలా అడగడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇక లెక్కల సంగతి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, ప్రభుత్వం నుంచి గానీ మరెక్కడి నుంచి గానీ వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం: ఈ మూడూ సెక్షన్ 21 మీ కమిటీకి పేరుపెట్టి అప్పగించిన పనులు. కాబట్టి క్యాష్ బుక్కు, ఓచర్లు, స్టాకు రిజిస్టరు, బ్యాంకు స్టేట్‌మెంటు సమావేశం ముందు పెట్టమనండి. సమగ్ర శిక్ష నియమాల ప్రకారం 31 నుంచి 100 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 25 వేల రూపాయల కాంపోజిట్ గ్రాంటు (బడి అవసరాలన్నిటికీ కలిపి ఇచ్చే నిధి), అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు. మీ బడి ఈ వరుసలోనే ఉంది. ఈ ఏడాది అందులో ఎంత విడుదలైంది, ఏ తేదీన, దేనికి ఖర్చయిందని అడగండి. ఓచరు చేతికి వచ్చాక తేదీ, కొట్టు పేరు, వస్తువు, ఎన్ని, ఎంతకు అనేవి చూడండి. తర్వాత లేచి ఆ వస్తువు దగ్గరికి వెళ్లండి. మరుగుదొడ్డికి కుళాయిలు, బకెట్లు, ఫినాయిల్ కొన్నట్టు రాసి ఉంటే, కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయో లేదో చూడటానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఇంటి ఖర్చు నడిపే తల్లులు ఈ పనిని చాలామంది ఆడిటర్ల కంటే బాగా చేస్తారు.

పాత సంతకాల గురించి భయం పెట్టుకోకండి, అలాగని వదిలేయకండి. తప్పుడు బిల్లు అని తెలిసి, డబ్బు పక్కదారి పట్టడానికి సహకరిస్తూ సంతకం పెట్టినవారికే నేరం అంటుతుంది. విషయం తెలియక నమ్మకంతో పెట్టిన సంతకం, దురుద్దేశం లేనిది, దానంతటదే నేరం కాదు. పైగా ఖాళీగా ఉన్నప్పుడు తీసుకున్న సంతకం పైన మీరు ఒప్పుకోని విషయాన్ని మోసపూరితంగా రాస్తే, ఆ రాసినవారి మీదే ఫోర్జరీ కేసు నిలబడుతుంది. అయితే ఈ పద్ధతి తప్పని తెలిశాక కూడా కొనసాగిస్తే, రేపు ‘నాకు తెలియదు’ అని చెప్పడం కష్టం. కనుక ఇప్పుడే హెడ్మాస్టరు గారి పేర కాగితం మీద పెట్టండి: ‘ఫలానా తేదీ వరకు మినిట్స్ పుస్తకం ఇంటికి పంపగా సంతకాలు చేశాను, ఆ తేదీల్లో సమావేశాలు జరగలేదు, కొన్ని పేజీలు అప్పుడు ఖాళీగా ఉన్నాయి. ఇకపై సమావేశంలో చదివి వినిపించిన తీర్మానాల మీదే సంతకం చేస్తాను. దయచేసి వారం రోజుల్లో సమావేశం ఏర్పాటు చేసి, ఈ ఏడాది గ్రాంటు లెక్కలు కమిటీ ముందు ఉంచగలరు.’ ఇంతే చాలు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. తీసుకోనంటే రిజిస్టరు పోస్టులో పంపండి. ఒక జాగ్రత్త: కోపంలో మినిట్స్ పుస్తకంలో పేజీలు చించడం, కొట్టివేయడం చేయకండి. అది ప్రభుత్వ రికార్డు, తప్పు మీ మీదికి తిరుగుతుంది. పుస్తకం మీ చేతికి వచ్చినప్పుడు పేజీలకు ఫోనులో ఫొటోలు తీసుకోండి. సమావేశంలో ఒక తీర్మానం మీకు ఇష్టం లేకపోతే, కారణం రెండు వాక్యాల్లో చెప్పి, మీ అసమ్మతిని అదే పుస్తకంలో రాయించి సంతకం పెట్టండి.

గ్రాంటు వెనక్కి పోతుందన్న మాటలో కొంత నిజం ఉంది. ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి ఖర్చు కాని డబ్బు చేజారిపోయే ప్రమాదం ఉంటుంది. దానికి మందు మార్చి నెలాఖరు దాకా ఆగకుండా ముందే కూర్చుని తీర్మానించడం. సమావేశం పెట్టాల్సిన బాధ్యత కన్వీనరుది కాబట్టి, పెట్టకపోవడం వల్ల వచ్చే నష్టాన్ని సంతకం పెట్టని తల్లి మీదికి నెట్టడం న్యాయం కాదు.

హెడ్మాస్టరు గారి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఐదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు. పాఠాలు చెబుతూనే మధ్యాహ్న భోజనం, హాజరు, యాప్‌లో ఫొటోలు, క్యాష్ బుక్కు అన్నీ చూసుకోవాలి. పుస్తకం ఇంటికి పంపడం వెనక ప్రతిచోటా దొంగతనం ఉండదు, చాలాచోట్ల ఉండేది తీరిక లేకపోవడమే. అందుకే పైన చెప్పిన లేఖలో ఎవరి మీదా ఆరోపణ పెట్టలేదు. ఆయనతో కలిసి పోరాడాల్సిన విషయం ఒకటుంది, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే.

68 మంది పిల్లలకు ఇద్దరే ఉపాధ్యాయులు అన్నారు. విద్యా హక్కు చట్టానికి చివర ఒక షెడ్యూల్ ఉంది. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 మంది వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలని అది చెబుతోంది. మీ బడికి ఒకరు తక్కువ. ఈ మాటను ఎక్కడ రాయాలి? అర్జీలో రాస్తే అర్జీల కట్టలో కలిసిపోతుంది. సెక్షన్ 22 ప్రకారం మీ కమిటీ తయారు చేయాల్సిన పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో రాయాలి. ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ ఇచ్చే నిధులకు, వేసే ప్రణాళికలకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. పదిహేనుమంది తల్లిదండ్రులు కూర్చుని రాసిన కాగితానికి పార్లమెంటు ఇచ్చిన విలువ అది. దాన్ని చాలా కమిటీలు కంటితో చూడకుండానే కాలపరిమితి ముగించుకుంటున్నాయి. నాకు బాధ కలిగించేది సంతకాల కంటే ఇదే.

ప్రణాళిక అంటే పెద్ద గ్రంథం కాదు. కేంద్రం 2010లో రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం అది మూడేళ్లకు వేసేది, ఏడాదికొక ఉప ప్రణాళికతో. తరగతివారీగా వచ్చే ఏళ్లలో ఎంతమంది పిల్లలు చేరవచ్చు, ఇంకా ఎంతమంది ఉపాధ్యాయులు కావాలి, ఏ గదులు, ఏ సామగ్రి కావాలి, అదనంగా ఎంత డబ్బు కావాలి అనేవి ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలని కూడా ఆ నిబంధనలు చెప్పాయి. అంటే డిసెంబరు దాటనివ్వకండి. ఊళ్లో మూడు, నాలుగేళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో అంగన్‌వాడీ కార్యకర్తకు తెలుసు, ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. షెడ్యూల్‌లో బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ప్రహరీ, ఆటస్థలం అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటి చదువుతూ బడి చుట్టూ తిరిగితే లేనివాటి జాబితా దానంతటదే తయారవుతుంది. ఛైర్‌పర్సన్‌గా మీరు, కన్వీనరుగా హెడ్మాస్టరు గారు సంతకాలు చేసి పంపండి. అప్పుడు ఆ సంతకానికి అర్థం ఉంటుంది. ఆ తర్వాత ప్రతి సమావేశంలో మొదటి అంశంగా అదే ప్రణాళికను తెరిచి, పోయినసారి అనుకున్నది ఎంతవరకు వచ్చిందో రాయించండి.

ఇవన్నీ చేసినా స్పందన లేకపోతే రెండు దారులు. లెక్కల ప్రతుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండోది, విద్యా హక్కు చట్టం సెక్షన్ 32 కింద రాతపూర్వక ఫిర్యాదు. మండల పరిషత్ బడి కాబట్టి ఎంపీడీవో పేర రాసి, ఒక నకలు ఎంఈవోకు ఇవ్వండి. మీ వాదన విని మూడు నెలల్లో తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈ సెక్షన్ పిల్లల హక్కులకు సంబంధించినది. అందుకని ‘నన్ను లెక్కచేయడం లేదు’ అని కాకుండా, ‘68 మంది పిల్లలకు చట్టప్రకారం ఉండాల్సిన మూడో ఉపాధ్యాయుడు లేరు, కమిటీ కూర్చోకపోవడం వల్ల ప్రణాళికలో ఆ లోటు నమోదు కాలేదు’ అని రాయండి. అలా రాసిన ఫిర్యాదును పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టం.

ఈ జవాబు చదివే మిగతావారికి కొన్ని మాటలు. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు సారథి. అవి ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చినవి. చట్టం చెప్పిన యాజమాన్య కమిటీ అధికారాలను ఉత్తర్వు తీసేయలేదు కాబట్టి, అక్కడి తల్లిదండ్రులు కూడా సెక్షన్ 21, 22లను పట్టుకోవచ్చు. ఎయిడెడ్, మైనారిటీ పాఠశాలల్లో మాత్రం 2012 సవరణ తర్వాత కమిటీది సలహా పాత్రే. కమిటీలో లేని తల్లిదండ్రులకూ హక్కు ఉంది: పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో పురోగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై చెప్పడం సెక్షన్ 24 ప్రకారం ఉపాధ్యాయుల విధి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా ఒకేరోజు జరిగిన మెగా సమావేశం మంచిదే, కానీ ఏడాదికి ఒకటి రెండు రోజులతో ఆ విధి తీరదు.

లేఖ రాయడానికి, ఫిర్యాదు దాఖలు చేయడానికి డబ్బు పెట్టి వకీలును పెట్టుకోనవసరం లేదమ్మా. న్యాయసేవల అధికార చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీకు దగ్గర్లోని కోర్టు ఆవరణలో ఉండే మండల న్యాయసేవల కమిటీకి వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. వెళ్లేటప్పుడు మినిట్స్ పేజీల ఫొటోలు, మీరు ఇచ్చిన లేఖ నకలు వెంట తీసుకువెళ్లండి.